భయమే మోసగాని మూలధనము

మన దేశమున నేడొక క్రొత్త దోపిడి సాగుచున్నది. దీనికి కత్తి యక్కరలేదు, కన్నపుకోల యక్కరలేదు, అమావాస్య రాత్రితో పనిలేదు. పట్టపగలు, నలుగురు తిరుగు నింటిలో, గృహస్థుడు తన చేతితోనే తన ధనమును దొంగకు ముట్టజెప్పుచున్నాడు. కేంద్ర హోంశాఖవారు పార్లమెంటునకు తెలిపిన లెక్కలను బట్టి, 2023వ సంవత్సరమున సైబరు మోసములవలన భారతీయులు పోగొట్టుకొనిన ధనము 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది 22,845 కోట్లయినది. ఒక్క యేడాదిలో మూడింతలు! ఇది ఫిర్యాదు చేసినవారి లెక్క మాత్రమే. సిగ్గుచే నోరు విప్పనివారి నష్టము ఏ పుస్తకములోను ఎక్కలేదు.

ఈ మోసములలో మిక్కిలి క్రూరమైనది 'డిజిటల్ అరెస్టు' అను పేర నడచునది. దీనిని గూర్చియు, దీని బోటి నేరములను గూర్చియు 2022లో వచ్చిన ఫిర్యాదులు 39,925. పోయిన ధనము 91 కోట్లు. 2024లో ఫిర్యాదులు 1,23,672. ధనము 1,935 కోట్లు. ఫిర్యాదులు మూడింతలు కాగా ధనము ఇరువదింతలు దాటినది. అనగా దొంగలు తమ విద్యయందు ఆరితేరినారు. ఒక్కొక్క గృహమును అడుగంట ఊడ్చుకొని పోవుట నేర్చినారు. 2025లో హైదరాబాదున ఒక వృద్ధురాలు ఇట్టి బెదిరింపులకు గురియై గుండె యాగి మరణించినట్లు పత్రికలు ప్రకటించినవి. పోవునది ధనము మాత్రమే కాదు.

ఇట్టి వార్త వినినంతనే లోకము పలుకు మాట యొకటి గలదు. "ఆశపడినారు, అనుభవించినారు" అందురు. లేదా, "అంత తెలివితక్కువవారు కూడ నుందురా?" అందురు. ఈ రెండు మాటలను మేము నిరసించుచున్నాము. ఇవి నిజము కాకపోవుటయే కాక, దొంగకు తోడ్పడు మాటలు కూడ. మోసపోవుట బుద్ధిహీనుల పాలిటి శిక్ష యని నమ్మినవాడు, తాను బుద్ధిమంతుడు గావున తనకు భయము లేదని నిశ్చింతగా నుండును. మోసగాడు వెదకునది ఆ నిశ్చింతనే.

నిదర్శనము చూడుడు. 2024లో లూధియానాకు చెందిన యొక ప్రసిద్ధ వస్త్రపరిశ్రమాధిపతినుండి దొంగలు 7 కోట్ల రూపాయలు హరించిరి. వేలమందికి ఉద్యోగములిచ్చి, జీవితమంతయు లెక్కల నడుమ గడపిన యా పెద్దమనిషికి కూట సుప్రీంకోర్టును, కూట ప్రధానన్యాయమూర్తిని తెరమీద చూపి 'విచారణ' నడిపిరి. ఆయనకు తెలివి తక్కువా? లోకానుభవము తక్కువా? వైద్యులు, ఆచార్యులు, బ్యాంకులలో జీవితము గడపి విశ్రాంతి పొందినవారు, ప్రభుత్వాధికారములు నడపినవారు ఈ వలలో పడుచునే యున్నారు.

మనశ్శాస్త్రజ్ఞులు ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించియున్నారు. బ్రిటనునందు ఎక్సిటర్ విశ్వవిద్యాలయమువారు అచ్చటి ప్రభుత్వ సంస్థ కొరకు జరిపిన పరిశోధన 2009లో ప్రకటితమైనది. మోసపోయినవారు అజాగ్రత్తపరులని తలచెడివారికి అది కనువిప్పు. మోసము ఏ విషయమునకు సంబంధించినదో ఆ విషయమున వారికి సామాన్యులకంటె నెక్కువ పరిచయము ఉండుట తరచుగా కనబడినది. వచ్చిన కబురును గూర్చి వారు ఇతరులకంటె తక్కువగా కాదు, ఎక్కువగా ఆలోచించిరి. తమ నిర్ణయమును ఇంటివారికిని మిత్రులకును తెలియనీయకుండుట మాత్రము పలువురియందు కనబడిన లక్షణము. ఈ మూడవ మాటను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. దీనిని మరల ప్రస్తావింతుము.

కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాంక్ స్టజానో అను విద్వాంసుడు, మోసగాండ్ర యెత్తుగడలను బయటపెట్టుటయందు ఖ్యాతి గడించిన పాల్ విల్సన్‌తో గూడి, 2011లో మోసగాండ్రు ఆశ్రయించు మానవ స్వభావములను ఏడుగా లెక్కించెను. దృష్టి మరలుట, అధికారమునకు లొంగుట, నలుగురు పోవు దారిని పోవుట, తన చిన్న తప్పు బయటపడునను బెదురు, దయాగుణము, అవసరమును ఆశయు, తొందర. ఈ యేడింటిలో ఆశకు దొరకినది ఒక్క స్థానము; అదియు అవసరముతో గలిపి. తక్కిన యారింటిలో పెక్కు మనము బిడ్డలకు నేర్పు గుణములే. పెద్దల మాట వినుము, నలుగురితో నడువుము, ఆపదలో నున్నవారిని ఆదుకొనుము అనియే కదా మనము చెప్పుచున్నాము? మోసగాడు మన దుర్గుణముల నుపయోగించుకొనుట కొంత మాత్రమే. మన సద్గుణములను త్రిప్పి మన మెడకే ఉచ్చు వేయుట అధికము.

డిజిటల్ అరెస్టు నడచు క్రమమును విప్పి చూచిన నిది స్పష్టమగును. మొదట కొరియరు సంస్థవాడనో, టెలిఫోను శాఖవాడనో చెప్పుకొని యొకడు పలుకరించును. మీ ఆధార్ సంఖ్యతో విదేశమునకు పోవుచున్న పార్సెలులో మాదకద్రవ్యములు దొరకినవనును. వినువాని గుండె జల్లుమనును. మరుక్షణమే పిలుపు పోలీసు 'అధికారి'కి అందింపబడును. తెరమీద ఖాకీ దుస్తులు, వెనుక జాతీయపతాక, ముద్రలు గల కాగితములు కనబడును. "మీరు డిజిటల్ అరెస్టులో నున్నారు. కెమెరా ముందునుండి కదలరాదు. ఎవరితోను చెప్పరాదు, చెప్పినచో వారిని గూడ నిర్బంధింతుము" అని గర్జన. గంటలు గడచును, ఒక్కొక్కప్పుడు దినములు గడచును. నిద్ర లేదు, ఆహారము సరిగా లేదు, పలుకరించు దిక్కు లేదు. అప్పుడు రెండవ 'అధికారి' మెత్తని గొంతుతో వచ్చును. "మీరు మంచివారివలె కనబడుచున్నారు. మీ ధనమంతయు తనిఖీకై రిజర్వుబ్యాంకు ఖాతాకు పంపుడు. నిర్దోషులని తేలగానే తిరిగి వచ్చును" అని యోదార్చును.

ఇందు ఆశ యెక్కడ? ఒక్క రూపాయి లాభము వచ్చునని ఎవరు చెప్పిరి? నిజముగా దొంగసొమ్ము గలవాడు ధనమును తనిఖీకి పంపడు, వకీలును వెదకుకొనును. పంపువాడు నిర్దోషియే. తన నిర్దోషిత్వమును వెంటనే రుజువు చేసికొనవలెనను తహతహయే యతనిని ముంచుచున్నది. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొనువాడే దొంగ యని మన సామెత. కాలము మారినది. నేడు గుమ్మడికాయ ముఖమెరుగనివారే ముందుగా భుజములు తడుముకొనుచున్నారు.

అధికారివలె కనబడువాని మాటకు మనుష్యుడు ఎంతవరకు లొంగునో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో పరీక్షింప మొదలుపెట్టి, 1963లో ఫలితములు ప్రకటించెను. ప్రక్కగదిలోని మనుష్యునికి విద్యుదాఘాతము కలిగింపుమని ప్రయోగశాల కోటు తొడిగినవాడొకడు ఆజ్ఞాపించుచుండును. ఆఘాతము బూటకమే గాని మీట నొక్కువానికి ఆ సంగతి తెలియదు. నలువదిమందిలో ఇరువదియార్గురు తుది మీటవరకు, 450 వోల్టుల వరకు పోయిరి. వారిని ఎవ్వరును కట్టివేయలేదు, కొట్టలేదు. చెమటలు గ్రక్కుచు, వణకుచు, వలదనుచునే చెప్పినట్లు చేసిరి. చదువుకొనినవారును అందుండిరి. ప్రక్కవానికి బాధ కలుగునని తెలిసియు ఆజ్ఞను కాదనలేని మనుష్యుడు, తనకే కారాగారము తప్పదని బెదరించినప్పుడు కాదనగలడా?

ఈ లొంగుబాటు మనుష్యులందరికిని కలదు. కాని మన దేశమున దానికి చరిత్ర తోడైనది. 1861 నాటి చట్టముతో పరప్రభుత్వము నెలకొల్పిన పోలీసు వ్యవస్థ ప్రజలను అదుపులో నుంచుటకే గాని ప్రజలకు జవాబు చెప్పుటకు గాదు. 1919లో రౌలటు శాసనము వచ్చినప్పుడు "వకీలు లేదు, దలీలు లేదు, అప్పీలు లేదు" అని దేశమంతయు మొరపెట్టినది. నేడు డిజిటల్ అరెస్టులో చిక్కినవానికిని ఆ మూడును లేవు. నాడు ఆ శాసనమును చేసినది సామ్రాజ్యము; నేడు చేయుచున్నది ఎక్కడనో గదిలో గూర్చుండిన గజదొంగ. దానికి రాజముద్ర వేయుచున్నది మాత్రము మన భయమే. దేశము స్వతంత్రమై యేడు దశాబ్దములు దాటినను, ఖాకీ కనబడగానే చేతులు కట్టుకొని నిలువబడు నలవాటు మనలను వదలలేదు.

తక్కిన మోసములకును ఇట్లే ఒక్కొక్క స్వభావము ద్వారమగుచున్నది. షేర్లలో లాభము చూపెదమను ముఠాలు మొదట వేయి రూపాయలకు పదునైదువందలు తిరిగి యిచ్చి నమ్మకము నాటుదురు. వారి వాట్సాపు బృందములో లాభములు వచ్చినవని పొంగిపోవువారందరును వారి మనుష్యులే. పెద్దమొత్తము చిక్కిన పిదప "పన్ను కట్టిన గాని సొమ్ము రాదు" అందురు. పోయినదానిని రాబట్టుటకై గృహస్థుడు మరల పంపును. ఒంటరితనము గలవారిని స్నేహము పేర లాగుదురు. 2020 చివర తెలంగాణమున బయటపడిన అప్పుల యాప్‌ల యుదంతము మరచిపోరానిది. అప్పు తీసికొనినవారి ఫోనులలోని బంధుమిత్రులకు అవమానకరములైన సందేశములు పంపిరి. ఆ యవమానమును భరింపలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. అచ్చట ఆయుధము సిగ్గు. మా వాదము ఆశ లేదని కాదు. ఆశను మాత్రమే నిందించి భయమును, సిగ్గును, ఒంటరితనమును విడిచిపెట్టుట రోగమును విడిచి రోగిని కొట్టుట వంటిదని.

మరి మందు ఏది? "జాగ్రత్తగా నుండుడు" అని చెప్పుట మందు కాదు. భయపడినవానికి జాగ్రత్త గుర్తుకురాదు. భయమునకు విరుగుడు తెలిసిన హక్కు. న్యాయశాస్త్ర మేమి చెప్పుచున్నదో పాఠకులు కంఠస్థము చేయవలెనని కోరుచున్నాము.

భారతదేశపు ఏ చట్టమునందును 'డిజిటల్ అరెస్టు' అనునది లేదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలునందున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను ప్రకారము, అరెస్టు చేయు పోలీసు అధికారి మనుష్యుని ఎదుట నుండి, అతని శరీరమును తాకియో నిర్బంధించియో అరెస్టు చేయవలెను. లేదా మాటచేతనో చేతచేతనో ఆ మనుష్యుడు కస్టడీకి లోబడవలెను. టెలిఫోను తెర చేయి చాచి ఎవ్వరిని తాకలేదు. అసాధారణ సందర్భములందు దప్ప స్త్రీని సూర్యాస్తమయమునకును సూర్యోదయమునకును నడుమ అరెస్టు చేయరాదు. మూడేండ్లకు లోబడిన శిక్ష గల నేరమున, అరువదేండ్లు దాటినవారిని డిప్యూటీ సూపరింటెండెంటుకు తక్కువ గాని యధికారి అనుమతి లేక అరెస్టు చేయరాదని 35వ సెక్షను చెప్పుచున్నది. హాజరు కమ్మను నోటీసును వాట్సాపు ద్వారా పంపుట చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టపరచినది.

వీనియన్నిటికిని పైన రాజ్యాంగపు 22వ అధికరణము గలదు. అరెస్టయినవానికి కారణము చెప్పవలెను. తాను కోరిన న్యాయవాదిని సంప్రదింపనీయవలెను. ప్రయాణకాలము పోను 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. అరెస్టు సంగతి బంధువునకో మిత్రునకో తెలుపవలెనని 1996లో డి.కె. బసు కేసున సుప్రీంకోర్టు శాసించినది. అది నేడు చట్టములోనే చేరినది. కావున "ఎవరితోను చెప్పవలదు" అనినవాడు ఎంత పెద్ద పదవి పేరు చెప్పుకొనినను వాడు దొంగ. చట్టము చెప్పుమనుచున్నది, దొంగ వలదనుచున్నాడు. ఈ యొక్క గుర్తు చాలును. ఇక రిజర్వుబ్యాంకు ఏ పౌరుని ధనమును తనిఖీకై తెప్పించుకొనదు. అట్టి ఖాతా ఎవరికిని లేదు.

పైన వాయిదా వేసిన మాటకు వత్తము. మోసపోవువారు తమ సంగతిని దాచుకొందురు. ఎందుచేత? ఇంటివారి నాలుకకు వెరచి. "ఇంత చదువుకొని యెట్లు నమ్మితిరి, నాన్నగారూ?" అను ప్రశ్న ఎంత మృదువుగా నడిగినను అది కొరడా దెబ్బయే. ఆ దెబ్బను ఊహించుకొనియే తండ్రి గది తలుపు వేసికొనుచున్నాడు; అత్తగారు కోడలికి చెప్పక నగలు తాకట్టు పెట్టుచున్నది; కళాశాలలో చదువు కుమారుడు పరీక్షల రుసుము పోయినదని చెప్పలేక తిరుగుచున్నాడు. దొంగ బయట గడియ పెట్టుచున్నాడు. లోపలి గడియను పెట్టుచున్నది మన పరిహాసమే.

కావున ప్రతి గృహమునందును ఒక నియమము ఏర్పడవలెనని మా ప్రార్థన. ధనమునకు గాని, పోలీసునకు గాని సంబంధించిన పిలుపు వచ్చినప్పుడు, ఫోను పెట్టివేసి ఇంకొకరితో ఆ మాట పైకి చెప్పవలెను. వినువారు మందలింపక వినవలెను. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున ఆగుడు, ఆలోచింపుడు, పిమ్మట చర్య గైకొనుడని దేశమునకు చెప్పిరి. ఆగుటకు తోడు కావలెను, ఒంటరివాడు ఆగలేడు. బిడ్డలు దూరదేశములందుండగా ఊరిలో నొంటరిగా నున్న వృద్ధదంపతులు మన జిల్లాలలో ఎందరు! అమెరికానుండి వారమునకొకసారి మందులను గూర్చి యడుగు కుమారులు ఈ మాటను గూడ అడుగవలెను. సొమ్ము పోయినచో నిమిషమైన జాగు చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ధనము ఖాతానుండి ఖాతాకు ప్రాకిపోవుటకు మునుపే దానిని నిలుపుటకు వీలు గలదు. లూధియానా కేసున 5 కోట్లకు పైగా తిరిగి చిక్కినది.

ఇంతవరకు పౌరుని ధర్మము చెప్పితిమి. రాజ్యధర్మమును చెప్పక పోయిన మా సంపాదకీయము సగమే యగును. 2025 అక్టోబరులో, హర్యానాకు చెందిన వృద్ధదంపతులు కోటి రూపాయలకు పైగా పోగొట్టుకొని వ్రాసికొనిన లేఖను ఆధారముగా గొని, సుప్రీంకోర్టు ఈ విషయమును తనంతట తాను చేపట్టినది. ఆ దంపతులను బెదరించుటకు దొంగలు సుప్రీంకోర్టు పేరిటనే దొంగ ఉత్తరువులు సృష్టించిరి! డిసెంబరు 1న దేశమందలి డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది. సంతోషము. కాని దొంగసొమ్మును మ్రింగుచున్న యద్దెఖాతాలు మన బ్యాంకులలోనే యున్నవి కదా? జీవితమంతయు నెలకు పదివేలు తీసికొనిన వృద్ధుడు ఒక్క దినమున నలువది లక్షలు ఎరుగని ఖాతాకు పంపుచున్నప్పుడు, ఒక గుమాస్తా యేల యడుగరాదు? ఒక దినమేల ఆపరాదు? చిన్న రైతు అప్పునకు పది సంతకములడుగు బ్యాంకు, ఇచ్చట మౌనము వహించుట న్యాయమా?

దొంగల కార్యశాలలలో గూర్చుండి పిలుపులు చేయువారిలో మన బిడ్డలు కూడ నున్నారని మరువరాదు. 2024 మే నెలలో విశాఖపట్టణ పోలీసులు బయటపెట్టిన వ్యవహారము పాఠకులకు తెలిసినదే. డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి దళారులు మన యువకులను కంబోడియాకు తరలించిరి. అచ్చట వారిని నిర్బంధించి, బెదరించి, స్వదేశీయులనే మోసగింప నియోగించిరి. కంబోడియాలో ఇట్లు బలవంతముగా పనిచేయింపబడువారు లక్షమంది వరకు, మయన్మారులో కనీసము లక్షా యిరువదివేలమంది యుందురని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023లో అంచనా వేసినది. ఈ చివర భయపడువాడును మనవాడే, ఆ చివర భయపెట్టువాడును భయమున బ్రతుకుచున్న మనవాడే. నిరుద్యోగమును దళారుల చేతికి వదలిన ప్రభుత్వములు ఇందుకు జవాబు చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి గలదు. కూటపోలీసు గద్దించినప్పుడు మన ప్రజలు వానిని నిజమైన పోలీసని నమ్ముచున్నారు. ఎందుచేత నమ్ముచున్నారు? నిజమైన పోలీసు గూడ అట్లే గద్దించుట వారు చూచియున్నారు గనుక. కారణము చెప్పకుండుట, కాగితము చూపకుండుట, వకీలు పేరెత్తిన మండిపడుట, బంధువులను గుమ్మములోనే నిలుపుట ఇవన్నియు నిజమైన ఠాణాలలో నెన్నడును జరుగకుండినచో, దొంగ నాటకము మొదటి అంకముననే బయటపడియుండును. పౌరునితో 'మీరు' అని మాటలాడి, నోటీసు చేతికిచ్చి, "మీ వకీలును పిలుచుకొనుడు" అను పోలీసును ప్రతిదినము చూచు ప్రజలను ఏ దొంగయు ఖాకీ తొడిగి మోసగింపజాలడు. నిజమైన అధికారి కూట అధికారివలె మాటలాడుచున్నంతకాలము, ప్రజలకు భేదము తెలియలేదని నిందించు హక్కు ప్రభుత్వమునకు లేదు. ఠాణా మర్యాద మారుట ఏ హెచ్చరిక ప్రకటనకంటెను బలమైన రక్షణ.

భయమును మూలధనముగా పెట్టుకొనినవాని వర్తకము, భయము తీరిననాడు దివాలా తీయును. ప్రతి పాఠశాలయందును, ప్రతి గ్రంథాలయమందును, ప్రతి పంచాయతీ యరుగుమీదను రాజ్యాంగపు 22వ అధికరణమును మన తెలుగులో చదివి వినిపింపవలెను. న్యాయవాదులు నెలకొక సాయంకాలము ఇందుకు వినియోగింపవలెను. మోసపోయినవారు సిగ్గుపడక నలుగురి నడుమ నిలిచి తమ కథ చెప్పవలెను. వారు చెప్పిన ప్రతి మాటకు ఒక గృహము నిలుచును. వినువారు తలవంచి వినవలెను. సిగ్గుపడవలసినది దోచినవాడే గాని దోపిడి పొందినవాడు కాడు.